బ్యాంకులో వేసుకోని చెక్కు ఏ రాష్ట్రానికి చెందుతుంది?

ఇక్కడ అమెరికాలో కొత్తగా ఐటీ కన్సల్టెన్సీ పెట్టుకున్న మనవాళ్లు వీసాల గురించి అడుగుతారు, పేరోల్ ట్యాక్సుల గురించి అడుగుతారు. అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ, అంటే రావాల్సినవాళ్లు తీసుకోకుండా మన దగ్గరే ఉండిపోయిన డబ్బు, దాని ఊసు మాత్రం నోటీసు వచ్చేదాకా ఎత్తరు.

ప్రాజెక్టు అయిపోయి వెళ్లిపోయిన ఉద్యోగికి చివరి చెక్కు పోస్టులో పంపుతాం. ఆ అడ్రసులో లేడని పసుపు స్టిక్కరు అంటించుకుని కవరు తిరిగొస్తుంది, డ్రాయరులో పడేస్తాం. ఆర్నెల్లయ్యాక చెక్కు చెల్లదు కదా అని అకౌంట్స్ చూసే అబ్బాయి దాన్ని ఇతర ఆదాయం కింద రాసేస్తాడు. కాగితం చెల్లకపోయినా బాకీ అలాగే ఉంటుంది. చట్టం చెప్పిన కాలం దాటితే ఆ డబ్బు రాష్ట్రానికి అప్పగించాలి. అతను తర్వాత ఎప్పుడైనా అక్కణ్నుంచి తీసుకోవచ్చు.

ఏ రాష్ట్రానికి అన్నదగ్గరే నేను బోల్తా పడ్డాను. మా ఆఫీసు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఇలాంటి డబ్బు వివరాల రిపోర్టు న్యూజెర్సీకి నవంబరు 1 లోపు పంపితే పనైపోతుందనుకున్నాను. కానీ డబ్బు రావాల్సిన మనిషి చివరి అడ్రసు మన రికార్డుల్లో ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికే పంపాలి. సుప్రీంకోర్టు 1965లోనే, అదీ టెక్సస్‌కీ న్యూజెర్సీకీ నడిచిన కేసులో, ఈ సంగతి తేల్చేసింది. అడ్రసే లేకపోతే కంపెనీ ఏ రాష్ట్రంలో ఇన్‌కార్పొరేట్ (రిజిస్టర్) అయిందో దానికి. నా డ్రాయరులో కవరు మీదున్నది టెక్సస్‌లోని ఇర్వింగ్. అక్కడ గడువు జులై 1. నేను కవరు బయటికి తీసింది అక్టోబరులో.

అక్కడితో ఆగితే బాగుండేది. డెలావేర్‌కు మార్చి 1, న్యూయార్క్‌లో మామూలు కంపెనీలకు మార్చి 10, మిషిగన్‌కు జులై 1, చాలా రాష్ట్రాలకు నవంబరు మొదటివారానికి అటూ ఇటూ. కాలిఫోర్నియాది మరీ చోద్యం: నవంబరు 1 లోపు వివరాలు పంపాలి, డబ్బు మాత్రం మరుసటి జూన్‌లో 1 నుంచి 15 మధ్య కట్టాలి. రాష్ట్రానికి అప్పగించే ముందు ఎన్నాళ్లు ఆగాలన్నదీ ఒకటి కాదు. జీతం చెక్కుకు టెక్సస్‌లో ఏడాది, న్యూయార్క్‌లో మూడేళ్లు.

నిజానికి నన్ను టెన్షన్ పెట్టేది రిపోర్టు తేదీ కాదు, దానికి ముందు ‘మీ డబ్బు మా దగ్గరుంది’ అని ఆ మనిషికి రాయాల్సిన ఉత్తరం తేదీ. టెక్సస్‌లో 250 డాలర్లు దాటితే మే 1 లోపు ఉత్తరం వెళ్లాలి. కాలిఫోర్నియాలో రిపోర్టుకు ఆరు నుంచి పన్నెండు నెలల ముందే. అందుకే నా క్యాలెండరులో ఉత్తరం తేదీలే ఎర్ర సిరాతో ఉంటాయి. తేదీలు మారుతుంటాయి కాబట్టి ఏటా ఆయా రాష్ట్రాల వెబ్‌సైట్లలో సరిచూసుకుంటాను.

సంక్రాంతి దాటగానే క్యాష్ కాని చెక్కుల లిస్టు తీసి, ఒక్కో పేరు పక్కన రాష్ట్రం పేరు రాస్తాను. ఆ తర్వాత వాట్సాప్ తెరుస్తాను. మనవాళ్లలో సగంమంది ఒక్క ఫోనుకే దొరుకుతారు. ఇర్వింగ్ నుంచి కూకట్‌పల్లికి మారిన కుర్రాడు మొన్న ఫోనెత్తి, “అన్నా, ఆ చెక్కు వస్తుందనే నాకు తెలీదు” అన్నాడు.

మీ పేరు కూడా ఒకసారి మీరున్న ప్రతి రాష్ట్రం అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ సైటులో వెతుక్కోండి, పైసా ఖర్చు లేదు. పాత అపార్ట్‌మెంటు గ్యాస్ డిపాజిట్ తాలూకు 38 డాలర్లు నాకు అలాగే దొరికాయి.