"ఈ జిగేలు నా కండ్లకు పడదు" అన్న అత్తగారు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మామగారి నాన్న కట్టించిన రాతి మిద్దెలో అత్త, మా ఆయన, ఇద్దరు పిల్లలతో ఉంటున్నాను. కుట్టుపని చేసి కూడబెట్టుకున్న 20 వేల రూపాయలతో వంటగట్టు వెనక గోడకు నీలం, పసుపు పూల టైల్స్ వేయించాలనుకున్నాను. అంగడి నుంచి తెచ్చిన ఒక టైల్ చూపిస్తే మా అత్త "ఈ జిగేలు నా కండ్లకు పడదు, సున్నమే మేలు" అంది. ఆమెకు 68 ఏళ్ళు. నేను ఏది కోరినా మీకు గిట్టదని అనేశాను. మూడు వారాలుగా మా మధ్య మాటలు లేవు. మా ఆయనేమో ఆడవాళ్ళ గొడవలోకి తనను లాగొద్దంటున్నాడు. పట్టుబట్టి వేయించుకోవాలా, వదులుకోవాలా?

జవాబు: మీ అత్తగారి మాటను మీరు అడ్డుపుల్లగా విన్నారు. తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఒకే ఇంట్లో మెలిగినవారి మధ్య అలా వినిపించడం సహజమే. కానీ దాన్ని ఉన్నది ఉన్నట్టుగా, కంటి గురించి చెప్పిన మాటగానే ముందు వినమని మిమ్మల్ని కోరుతున్నాను. వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది. శుక్లం ఏర్పడడం మొదలైతే లోపలికి వచ్చే వెలుతురు చెదిరిపోయి, మీకు అందంగా కనిపించే మెరుపు ఆ కంటికి గుచ్చుకునే వెలుగవుతుంది. పసుపుబారిన కటకం నీలి కాంతిని ఎక్కువగా అడ్డుకుంటుంది కాబట్టి, మీరు ఇష్టపడిన నీలమూ ఆమెకు కనిపించిన నీలమూ ఒకటే కాకపోవచ్చు. సూదిలో దారం ఎక్కించడానికి ఆమె పిల్లలను పిలుస్తున్నారా, రాత్రిపూట ఎదురుగా వచ్చే బండి లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారా అన్నది గమనించండి. అవునైతే టైల్స్ సంగతి తేలకముందే కంటి వైద్యునికి చూపించాలి. శుక్లాల శస్త్రచికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగానే చేస్తారు.

ఆమె అభ్యంతరమంతా కంటిదేనని నేను అనడం లేదు. ఏటా పండగకు ఆ గోడకు సున్నం వేయించిన మనిషికి, తనను అడగకుండానే దాని రూపం మారిపోతోందన్న బాధ ఉండి ఉండవచ్చు. అయినా మీరు కోరికను వదులుకోవాలని నేను చెప్పను. రోజుకు నాలుగైదు గంటలు ఆ గోడకు ఎదురుగా నిలబడి వండేది మీరు, ఖర్చు పెట్టేది మీ కష్టార్జితం. ఇంట్లో శాంతి కోసం కోడలే తగ్గాలన్న సలహాను నేను ఎన్నడూ మంచి సలహాగా భావించలేదు. మీరు రంగును వదులుకోనక్కరలేదు, మెరుపును వదులుకుంటే చాలును.

నున్నగా మెరిసే టైల్ బదులు మ్యాట్ రకం తీసుకోండి. దాని మీద తిరగవాత నూనె చిందితే తుడవడం కొంచెం కష్టమే కాబట్టి, సరిగ్గా పొయ్యి వెనక భాగంలో పూలు లేని లేత పసుపు టైల్స్ వేయించి, పూల టైల్స్ నీళ్ళ తొట్టి వైపుకు ఉంచుకుంటే మీకు పనీ తగ్గుతుంది, ఆమె కంటికి గజిబిజీ తగ్గుతుంది. మీ గట్టు నల్ల కడప బండే అయితే అది వెలుతురును మింగేస్తుంది కనుక, ముదురు నీలం రంగు మీద పసుపు పువ్వు కాకుండా, లేత రంగు మీద నీలం పువ్వు ఉన్న టైల్ ఎంచుకోండి. నల్లని గట్టుకూ లేత గోడకూ తేడా స్పష్టంగా ఉంటే, చూపు మందగించినవారికి గట్టు అంచు ఎక్కడుందో, గిన్నె ఎక్కడుందో తెలుస్తుంది. ఫోన్లో బొమ్మ చూసి మాత్రం నిర్ణయించవద్దు. అంగడివారిని అడిగి మూడు నాలుగు రకాల టైల్స్ ఒక్కొక్కటి తెచ్చి, గట్టు మీద గోడకు ఆనించి రెండు రోజులు ఉంచండి. పొద్దున గవాచి (కిటికీ) నుంచి పడే వెలుతురులో ఒక తీరుగా, రాత్రి లైటు కింద ఇంకొక తీరుగా ఉంటాయి.

పాత రాతిగోడ కాబట్టి మరొక జాగ్రత్త చెప్పక తప్పదు. సున్నం పొరల మీద టైల్ అంటిస్తే అది సున్నంతో సహా ఊడి వస్తుంది. బేల్దారి (తాపీ మేస్త్రీ) ముందు టైల్స్ వేసే మేర సున్నం పొరలను గీకేసి, గోడను తట్టి చూసి, డొల్లగా మోగినచోటల్లా పాత పూతను కూడా చెక్కి తీయాలి. చెమ్మ గానీ చౌడు గానీ కనిపిస్తే దాని మూలం తెలుసుకుని, గోడ పూర్తిగా ఆరిన తరువాతే పని మొదలుపెట్టాలి. మట్టితో, సున్నంతో కట్టిన గోడ లోపలి తేమను పైపూత గుండా వదిలేస్తూ ఉంటుంది కనుక, గోడంతా టైల్స్‌తో మూయకుండా గట్టుకు పైన రెండడుగుల మేరకే వేయించి, ఆ పైన సున్నమే ఉంచండి. మీ అత్తగారు కోరిన సున్నం అలా ఆ గోడ మీద నిజంగానే నిలుస్తుంది, అదీ ఆమె మాట నిలపడానికి కాదు, గోడకు అదే మంచిది కనుక. రాతిగోడలు ఎక్కడా సమంగా ఉండవు. పెద్ద టైల్స్ ఆ వంకరను బయటపెడతాయి, ఎనిమిది అంగుళాలవి సర్దుకుపోతాయి. గట్టు పదడుగుల పొడవు ఉంటే 45 టైల్స్ పడతాయి. విరిగేవి, కోసేవి చూసుకుని రెండు రకాలూ కలిపి 50 తీసుకోండి. ఏ రకానికి ఆ రకం పెట్టెలన్నీ ఒకే బ్యాచ్‌వై ఉండాలి, లేకపోతే రంగు తేడా వస్తుంది. టైల్స్ మధ్య సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటుకు బదులు రెజిన్‌తో చేసిన, సందులు నింపే ముద్ద) పెట్టించండి, ఖరీదు ఎక్కువైనా పసుపు మరక అంత సులభంగా పట్టదు. పని ముగిశాక సిమెంటు మరకలకు యాసిడ్ పోస్తామంటే ఒప్పుకోవద్దు. కడప బండ సున్నపురాయి, యాసిడ్ దాన్ని తినేస్తుంది.

మీ భర్తగారి గురించి ఒక మాట. ఇది ఆడవాళ్ళ గొడవ అని పక్కకు జరగడం తటస్థంగా ఉండడం కాదు. తల్లి కంటి పరీక్ష కొడుకు బాధ్యత. బేల్దారితో మాట్లాడి గోడ చూపించడం, పని జరిగే నాలుగు రోజులు వంట ఎక్కడన్నది ఏర్పాటు చేయడం కూడా ఆయనే చేయాలి. ఈ పనులు ఆయనకు విడివిడిగా, పేరుపెట్టి చెప్పండి. "మీరు కలగజేసుకోండి" అని మొత్తంగా అడిగితే మళ్ళీ తప్పుకుంటారు.

మొదటి మాట మీ నుంచే రావాలని కోరుతున్నాను. ఓడినట్టు అనుకోకండి, "మీకు గిట్టదు" అన్న మాట మీ నోటి నుంచి వచ్చింది కనుక అడుగుతున్నాను. టైల్స్ తెచ్చి పెట్టిన సాయంత్రం, లైటు వేసి, ఆ రోజు అలా అన్నందుకు నొచ్చుకున్నానని చెప్పి, వీటిలో ఏది కండ్లకు గుచ్చుకుంటోందో చూడమని అడగండి. ఏది బాగుందని అడగవద్దు, ఆ ప్రశ్నకు సున్నమే బాగుందన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. గుచ్చుకునేవాటిని ఆమె పక్కన పెట్టేస్తారు. మిగిలినవాటిలో మీకు నచ్చినది మీరు తీసుకోండి.