రాడ్ల మరలకు తుప్పు పట్టేది బోరులో కాదు, నిల్వ ఉంచిన చోట

ప్రశ్న: మాకు కనిగిరి ప్రాంతంలో బోర్లు వేసే రిగ్గు ఉన్నది. నిరుడు కార్తీకంలో వానలు పట్టుకోవడంతో పని ఆపి, రిగ్గునూ రాడ్లనూ సింగరాయకొండ దగ్గర ఆరుబయట రెండు నెలలు ఉంచాము. సంక్రాంతి తరువాత చూస్తే పిన్నుల (రాడ్ల చివర మరలు ఉండే కొనల) మరల అడుగున నల్లని గుంటలు కనిపించాయి. పని మొదలుపెట్టిన వారానికే ఒక పిన్ను విరిగి, కింది రాడ్లూ, గాలి ఒత్తిడితో రాతిని కొట్టే హేమరూ బోరులోనే ఉండిపోయాయి. పని ఆపేటప్పుడు గ్రీజు రాసే పెట్టాము. మా వైపు ఫ్లోరైడు నీళ్ల వల్లనే ఇలా జరిగిందా?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: ఫ్లోరైడును నిందించనక్కరలేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ హాని చేసే ఆ పదార్థం, అంత కొద్ది మోతాదులో ఉక్కును ఇంతగా తినదు. మీ రాడ్లను తిన్నది ఉప్పు. బోరులోని ఉప్పునీటి తడి మరల సందుల్లో మిగిలి ఉండగానే మీరు వాటిని సముద్రపు గాలి తగిలే చోటికి, అదీ ఈశాన్య రుతుపవనాల కాలంలో, తీసుకువెళ్లారు. ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది కాబట్టి, వాన లేని రోజున కూడా మర అడుగు ఆరదు.

గ్రీజు రాశామన్నారు, చాలామంది పొరపడేది ఇక్కడే. జింకు పొడి గానీ రాగి పొడి గానీ కలిపిన మరల గ్రీజు, బిగించేటప్పుడు లోహం లోహాన్ని ఒరుసుకుని పట్టేయకుండా కాపాడడానికి తయారైనదే తప్ప, నెలల తరబడి తడిని ఆపడానికి కాదు. పైగా తడి మీద, రాతిపొడి మీద రాస్తే అది నీటిని బయటకు పోనివ్వక లోపలే మూసిపెడుతుంది.

చిన్న గుంట పిన్నును ఎలా విరుస్తుందని మీకు సందేహం రావచ్చు. బిగించిన జాయింటులో భారం అన్ని చుట్ల మీదా సమానంగా పడదు. పిన్ను భుజానికి, అంటే మర మొదలయ్యే చోట ఉండే గట్టుకు, దగ్గరగా ఉన్న మొదటి ఒకటి రెండు చుట్లే ఎక్కువ మోస్తాయి. వాటి అడుగున గుంట ఉంటే లాగుడూ మెలి తిప్పే బలమూ అక్కడే కేంద్రీకృతమై, రాడ్డు తిరిగే కొద్దీ, హేమరు దెబ్బ పడే కొద్దీ, కంటికి కనబడని బీట ఒకటి లోపలికి పాకుతుంది. విరిగిన ముక్కను పరిశీలించండి: పగులులో కొంత భాగం నల్లగా, తుప్పు పట్టి ఉండి, మిగిలినది మెరుస్తూ ఉంటే, బీట పాతదేనని తెలుస్తుంది.

ఇక చేయవలసిన పని. పని ఆపిన రోజునే, వీలైతే ఆ సాయంత్రమే, మరలను మంచినీటితో కడిగి ఉప్పునూ రాతిపొడినీ పోగొట్టాలి. తరువాత కిరోసినుతోనో డీజిలుతోనో పాత గ్రీజంతా బ్రష్షు పెట్టి తీసి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. అప్పుడే నిల్వ కోసం తయారైన తుప్పు నిరోధక గ్రీజును మరల అడుగుకు చేరేటట్టు, భుజాల మీదకు కూడా, పూయాలి. భుజాన్ని మరువకండి, అది గుంటలు పడితే గాలి బయటకు కారి హేమరు బలం తగ్గుతుంది. మళ్లీ పనిలోకి దిగేముందు ఈ గ్రీజును తీసివేసి, మరల గ్రీజు రాసి బిగించాలి.

గుంటలు పడిన రాడ్లను ఈపాటికే వేరు చేసి ఉంటారని ఆశిస్తున్నాను. మర అడుగును ఆకురాయితో గీకి నునుపు చేసే ప్రయత్నం చేయవద్దు. కొలత చెడుతుంది, బీట ఉంటే అలాగే ఉంటుంది. రంగు ద్రవంతో గానీ అయస్కాంతంతో గానీ బీటలు పట్టే పరీక్ష చేయించి, బీట లేనివాటికి మంచి లేతు షాపులో మర మళ్లీ కోయించండి. ఊళ్లో వెల్డింగు పెట్టించడం మాత్రం వద్దు, ఎందుకంటే ఆ వేడికి పిన్నుకు ఫ్యాక్టరీలో పట్టిన గట్టిదనం పోతుంది. హేమరు పోగొట్టుకున్న మీతోపాటు, బోరు పాడై కూర్చున్న రైతు నష్టాన్ని కూడా లెక్కలో ఉంచుకోండి.

ప్రశ్న: మేము పిన్నులకు పాత ఇంజన్ ఆయిల్ పూసి గోనెపట్టాలు చుడుతున్నాము. అది చాలదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: చాలదు. వాడేసిన ఆయిల్లో ఇంధనం మండినప్పుడు పుట్టిన ఆమ్లాలూ నీరూ ఉంటాయి, పైగా అది జారిపోతుంది. గోనె తడిని పట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్ మూతలు మంచివే, కానీ లోపల పొడిగా ఉండి గ్రీజు పూసి ఉన్నప్పుడే. రాడ్లను మట్టి మీద కాక దుంగల మీద, నేలకు అడుగున్నర ఎత్తులో, నీరు నిలవకుండా కొద్దిగా వాలుగా పేర్చి, నెలకొకసారి మూతలు తీసి చూడండి.