ఎలుకకూ నీకూ మధ్య ‘అందుకే’

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం

అమ్మా,

ఒత్తిడి మెదడును ఏం చేస్తుందన్న నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ప్రింటు తీయించి చదివానని నవ్వుకోకు, ఫోన్‌లో చదివితే నాకు తప్పులు కనపడవు. మీ మారతహళ్ళి పీజీలో పదకొండుకే లైట్లు ఆర్పేస్తారనీ, ఫోన్ వెలుగులో రాశాననీ అన్నావు. అక్షర దోషాలు అందుకు తగ్గట్టే ఉన్నాయి. వాటి జోలికి పోను.

‘అందుకే’ అనే మాట ఏడు చోట్ల వాడావు. ఐదు కొట్టేశాను. మిగతా రెండూ నీ యాక్సిడెంట్ గురించి రాసిన పేరాలో ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

ముందు నాలుగో పేరా తియ్యి. మూడో పేరా దాకా ప్రయోగంలోని ఎలుక ఉంది. నాలుగో పేరాకి వచ్చేసరికి “మన మెదడులోనూ ఇదే జరుగుతుంది, అందుకే మనం...” అన్నావు. ఎలుక ఎటు పోయింది? దాన్ని ఎక్కడ దింపేశావో నువ్వే చూసుకోలేదు. సైన్సు రాసేవాళ్ళు చాలామంది కాలు జారేది ఇక్కడే. నేనూ జారాను.

ఇరవై ఏళ్ళ కిందట ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ఇదే విషయం మీద రాశాను. ‘ఒత్తిడి మీ మెదడు కణాలను చంపేస్తోంది’ అని శీర్షిక. డెస్క్ వాళ్ళు పెట్టారని తప్పించుకోవచ్చు గానీ, పెట్టింది నేనే. మంగళవారం పొద్దున హిందూపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కొడుకు టెన్త్, హాస్టల్లో ఉంటాడు, రోజూ ఫోన్ చేసి ఏడుస్తాడట. “సార్, వాడికి ఇప్పటికి ఎన్ని కణాలు పోయుంటాయి? మళ్ళీ వస్తాయా?” అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నేను చదివిన పరిశోధన ఎలుకల మీద చేసింది. పోనీ ఎలుకల్లోనైనా కణాలు చచ్చిపోయాయా అంటే, అదీ లేదు.

నువ్వూ ‘కణాలు నశిస్తాయి’ అనే రాశావు. 1990ల మొదట్లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో బ్రూస్ మెక్‌ఇవెన్ బృందం ఎలుకలను రోజుకు 6 గంటల చొప్పున 21 రోజులు కదలనివ్వకుండా ఉంచి, తర్వాత వాటి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చూసింది. జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం అది. కణాలు ఉన్నాయి. వాటి కొమ్మలు కురచబడ్డాయి. చావడం వేరు, కురచబడడం వేరు. కురచబడింది మళ్ళీ పెరగొచ్చు. ఆ తల్లి అడిగింది సరిగ్గా దీని గురించే, నేను తప్పు క్రియ రాసి ఆమెకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేశాను.

కొమ్మ అంటున్నాను చూడు, డెండ్రైట్ అని ఒకసారి చెప్పి తర్వాత కొమ్మ అనే అను. నువ్వు ఈ కణాన్ని ఎప్పుడూ చూసి ఉండవు, అందుకని చెబుతున్నాను. ఒక ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి చూపించారు నాకు. తేనె రంగు నేపథ్యం మీద నల్లగా, సిరాతో గీసినట్టు ఒక చెట్టు. ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గోల్జీ 1873లో ప్రకటించిన రంగు పద్ధతి అది. అందులో చమత్కారం ఏమిటంటే, వందలో ఏవో కొద్ది కణాలే రంగు పట్టుకుంటాయి. అన్నీ పట్టుకుంటే కనిపించేది ఉట్టి నల్ల మరక. కొన్నే పట్టుకోబట్టి ఒక్కో చెట్టూ వేరు నుంచి చివరి రెమ్మ దాకా విడిగా కనిపిస్తుంది. ఇంకా పెద్దది చేసి చూస్తే కొమ్మల మీద బెండకాయ నూగులాంటి బుడిపెలు. స్పైన్లు, అంటే ముళ్ళు అంటారు వాటిని. పక్క కణం నుంచి కబురు అందుకునేది ఎక్కువగా అక్కడే. నా పక్కన కూర్చున్న పీహెచ్‌డీ కుర్రాడు మైక్రోస్కోప్‌కి తగిలించిన చిన్న అద్దంలో కణాన్నీ, తన పెన్సిల్ మొననూ ఒకేసారి చూస్తూ కాగితం మీద గీస్తున్నాడు. ఒక కణం గీయడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, “టీ చల్లారిపోతుంది సార్” అన్నాడు. ఇలాంటిది ఒక్కటి నీ వ్యాసంలో ఉంటే ‘మెదడు ఒక అద్భుతం’ అనే వాక్యం అక్కర్లేదు. అదీ కొట్టేశాను.

ఇక అసలు సంగతి, నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేసినది. నువ్వుంటున్న ఊళ్ళోనే, బళ్ళారి రోడ్డు మీద జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ సుమంత్ర ఛటర్జీ బృందం 2002లో ఒక పరిశోధన ప్రకటించింది. మగ ఎలుకలను కదలడానికి వీల్లేని సంచిలో రోజుకు 2 గంటలు, 10 రోజులు పెట్టారు. కొట్టలేదు, కరెంటు షాక్ ఇవ్వలేదు. కదలనివ్వలేదు, అంతే. హిప్పోక్యాంపస్‌లో కొమ్మలు కురచబడ్డాయి, అది అప్పటికే తెలిసిందే. కానీ భయానికి కీలకమైన అమిగ్డలాలో కొమ్మలు పెరిగాయి! ఒకే ఎలుక, ఒకే సంచి, ఒకే పది రోజులు. మెదడులో ఒకచోట చెట్టు ఎండింది, ఇంకోచోట చిగుర్లు వేసింది. ఆ తర్వాత 21 రోజులు ఎలుకలను వాటి మానాన వదిలేసి చూస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు మాత్రం పెరిగినట్టే ఉన్నాయి, వాటి బెదురూ తగ్గలేదు. ‘ఒత్తిడి మెదడును దెబ్బతీస్తుంది’ అనే నీ వాక్యం ఇందులో ఏ సగానికి సరిపోతుంది చెప్పు? దీనికి ఒక పేజీ ఇవ్వు. చోటు చాలకపోతే హార్మోన్ల చరిత్ర తీసెయ్, ఎవరూ బెంగపెట్టుకోరు.

హార్మోన్ అంటే గుర్తొచ్చింది. ఒత్తిడి వేళ ఎలుక ఒంట్లో ఊరే కార్టికోస్టెరాన్‌ని ‘విలన్’ అన్నావు. అదే బృందం 2012లో, ఒత్తిడికి ముందే తాగే నీళ్ళలో కార్టికోస్టెరాన్ కలిపి ఇస్తే ఆ తర్వాత రావాల్సిన బెదురు రాలేదని చూపించింది. సినిమా పోలికలు సైన్సులో నిలబడవు.

‘ఎలుకలకు పీటీఎస్‌డీ వచ్చింది’ అని కూడా రాశావు. పెద్ద దెబ్బ తగిలాక మనసును వదలని భయాల జబ్బు అది. 1980లో అమెరికా మానసిక వైద్యులు ఆ పేరు తమ రోగనిర్ధారణ పుస్తకంలో చేర్చింది మనుషుల కోసం, పీడకలలు వస్తున్నాయని నోరు తెరిచి చెప్పగలిగినవాళ్ళ కోసం. ఎలుక చెప్పదు. నేల నుంచి ఎత్తుగా ప్లస్ గుర్తు ఆకారంలో ఒక బల్ల పెడతారు, రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదిరిన ఎలుక గోడల మధ్యే తచ్చాడుతుంది, బయటికొచ్చేది తక్కువ. చూసింది అది. ‘గోడలు లేని దారిలోకి తక్కువసార్లు వచ్చింది’ అని రాస్తే పాఠకుడికి ఎలుక కనిపిస్తుంది, రోగం పేరు రాస్తే కనిపించదు. పైగా ఆ ఎలుకలు మగవి. ఆడ ఎలుకల్లోనూ ఇంతేనా అని అడగాలని నీకు తోచకపోవడం నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు ఆ మిగిలిన రెండు ‘అందుకే’లు.

నీ స్కూటీని వాటర్ ట్యాంకర్ రాసుకుపోయింది. మోచేయి కొట్టుకుపోయింది తప్ప ఏమీ కాలేదు, మర్నాడే ఆఫీసుకి వెళ్ళావు. పన్నెండో రోజున బస్సులో ఉండగా వెనక ట్యాంకర్ హారన్ వినబడి, మధ్యలో దిగిపోయి ఫుట్‌పాత్ మీద కూర్చున్నావు. దాని కింద ఛటర్జీ బృందం 2005 నాటి ప్రయోగం పెట్టావు. ఎలుకను ఒక్కసారే 2 గంటలు సంచిలో పెడితే మర్నాడు అమిగ్డలాలో మార్పేమీ లేదు, పదో రోజుకి ముళ్ళు పెరిగాయి, బెదురూ పెరిగింది. ఆ రెండింటి మధ్యా ‘అందుకే’.

ఎందుకు పెట్టావో నాకు అర్థమైంది. ఆ ప్రయోగం చదివినప్పుడు నీకు ప్రాణం లేచొచ్చి ఉంటుంది, నా పిచ్చి కాదు ఇది, దీనికో లెక్క ఉంది అని. వ్యాసం పుట్టింది అక్కడే అనుకుంటా. ఆ పేరా ఉంచు. ప్రయోగం కూడా ఉంచు, పక్కపక్కనే పెట్టినా నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో ఆ మాట మాత్రం తియ్యి. నీ ముళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు. అతకాలనిపిస్తే పాఠకుడే అతుక్కుంటాడు, ఆ అతుకు అతనిది. (హారన్ వింటే ఇంకా అలాగే అవుతుంటే ఎవరైనా డాక్టర్‌కి చూపించుకో. నిమ్హాన్స్ లాంటి పెద్ద మానసిక వైద్యశాల ఉన్న ఊళ్ళో ఉంటూ మొహమాటపడడం ఏమిటి? వ్యాసం రాస్తే తగ్గుతుందని మాత్రం అనుకోకు, నాకు తెలిసి తగ్గదు.)

ఇంకొక్కటి. కింద పడ్డప్పుడు పూలు అమ్ముకునే ఒకావిడ పరుగెత్తుకొచ్చి నీళ్ళ సీసా ఇచ్చి, నీ చున్నీతోనే మోచేతికి కట్టు కట్టి, ఏదో అంటూ ఉందని రాశావు. ‘ఏదో’ ఏమిటమ్మా? కన్నడంలో అందా, మన తెలుగులో అందా? ఆ బ్రిడ్జి కిందే కూర్చుంటుందన్నావుగా, వెళ్ళి కనుక్కుని రాయి.

ఆశీస్సులతో,
మీ అంకుల్