నలభై తొమ్మిదేళ్ళకి పచ్చబొట్టా అని అడిగిన మేనకోడలికి

చి. సౌ. సునీతకు అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. మీ నాయనమ్మ ముంజేతి మీది తేలు పచ్చబొట్టు, దాని కింద చుక్కల వరస. అలాంటిదే నీ చేతి మీద వేయించుకోవాలని ఉందన్నావు. ఈ వయసులో బాగుంటుందా, బ్యాంకులో ఏమనుకుంటారు, అత్తగారు ఏమంటారు, పెళ్ళిళ్ళలో చూసి నవ్వుతారా అని అడిగావు. అంత పొడుగు మెసేజ్‌లో నీ షుగరు మాట మాత్రం ఒక్కటీ లేదు. అందుకే ఫోన్లో తేల్చకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు నలుగురి సంగతి. నేను యాభై దాటాక భుజం మీద చిన్న నెమలి వేయించుకున్నప్పుడు రెండు మూడు పెళ్ళిళ్ళ దాకా అందరూ అడిగారు, తర్వాత వాళ్ళకి మాట్లాడుకోవడానికి ఇంకేదో దొరికింది. అంతే. పచ్చబొట్టు ఉంటే పూజకి పనికిరారని మీ అత్తగారు అంటే, రెండు చేతులా పచ్చబొట్లున్న మా అమ్మ పట్టిన నోముల లిస్టు నేను చదివి వినిపిస్తాను. అయినా వేయించుకునేలోపు మీ ఆయనతో ఒక మాట చెప్పు. పర్మిషన్ కోసం అనుకోకు. రోజూ చూడాల్సిన మనిషి, కట్టు విప్పేటప్పుడు తెలుసుకోవడం బాగుండదు. పిల్లాడు ఏడిపిస్తాడన్నావు, ఏడిపించనీ. ఆ వయసు పిల్లలకి తల్లి ఏం చేసినా సిగ్గే.

నీ వయసు నాకు అభ్యంతరం కాదు. వయసుతో పాటు నీ ఒంట్లోకి వచ్చినవాటి గురించే నా భయమంతా. చర్మవ్యాధుల ఓపీలో పనిచేసినన్నాళ్ళూ చూశాను, ఇరవై ఏళ్ళవాళ్ళు డిజైన్ గురించి బాధపడుతూ వచ్చేవాళ్ళు, యాభై దగ్గరివాళ్ళు పుండు మానలేదని వచ్చేవాళ్ళు. సూది చర్మంలోకి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతుంది కాబట్టి సిరాని దాని కింది పొరలో వదులుతారు. అక్కడి రక్షణ కణాలు ఆ రంగుని మింగి అక్కడే ఉండిపోతాయి, అందుకే అది చెరగదు. అంటే వేయించుకున్న రోజున నీ చేతి మీద ఉండేది వేల పోట్లు పడిన పచ్చి గాయం. షుగరు అదుపులో లేకపోతే అది ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశమూ ఎక్కువ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొత్తగా చేయించు. ఏడు చుట్టుపక్కల ఉంటే మీ డాక్టరుతో మాట్లాడి ముందుకెళ్ళు. ఎనిమిది దాటితే ఇప్పుడు వద్దు, తగ్గాక చూద్దాం. తేలు ఎక్కడికీ పోదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే ఇంకొన్ని అడుగు. గుండెకని ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర ఏదైనా రాసి ఉంటే వేసేటప్పుడు నెత్తురు ఎక్కువ కారుతుంది, రంగు సరిగ్గా నిలవదు. అలాగని పచ్చబొట్టు కోసం నీ అంతట నువ్వు మాత్ర ఆపేశావో, నాతో మాట్లాడకు. మీ అమ్మ వైపు బొల్లి ఉంది కదా, నీకు లేదనే నాకు తెలుసు, కానీ ఎక్కడైనా చిన్న తెల్లమచ్చ కనిపించినా ముందు చూపించుకో. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్ళకి గుచ్చిన చోటే కొత్త మచ్చ లేచే గుణం ఉంటుంది. నీ సిజేరియన్ కుట్టు ఉబ్బి దురద పెట్టేదని చెప్పేదానివి. అది కీలాయిడ్, అంటే గాయం మానాక హద్దు దాటి పెరిగే కండ అయితే, పచ్చబొట్టు మీద కూడా అలాగే కండ పెరగొచ్చు. నా లెక్కలో షుగరు కన్నా ఇదే పెద్ద అడ్డం. షుగరుని తగ్గించుకోగలం, ఒంటి తత్వాన్ని మార్చలేం. కీలాయిడ్ అని తేలితే ఆశ వదులుకో, ఆ డిజైన్‌తో వెండి కడియం చేయించుకుందువుగాని, నేనే చేయిస్తాను.

ఏటా మీ నాన్న తద్దినం నాడు రక్తం ఇస్తావు. పచ్చబొట్టు వేయించుకున్నాక ఏడాది పాటు తీసుకోరు. రొమ్ము క్యాన్సర్ కోసం చేసే మామోగ్రామ్‌కి వెళ్ళినప్పుడు చేతి మీద పచ్చబొట్టు ఉందని చెప్పాలి. సిరా కొంత చంకలోని గ్రంథుల్లోకి చేరుతుంది, ఫిల్ములో సున్నపు చుక్కల్లా కనిపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. ఎమ్మారై తీసేచోట కూడా చెప్పు, అరుదుగా కొందరికి ఆ చోట మంటగా ఉంటుంది.

ఇక డిజైన్. ఆ ఫోటోని ఉన్నదున్నట్టు దింపించుకోవద్దు. నాయనమ్మ చేతి మీద నువ్వు చూసింది అరవై ఏళ్ళు ఒంట్లో నాని, అంచులు పరుచుకున్న గీతలు. ఆ లావు గీతలే ఇప్పుడు వేయిస్తే, నీకు డెబ్భై వచ్చేసరికి తేలు కాస్తా మరక అవుతుంది. గీత సన్నగా, కాళ్ళ మధ్య సందులు వెడల్పుగా గీయమను. ఆ పచ్చదనం కోసం ఆకుపచ్చ సిరా అడగకు. ఆమెకి వేసిందీ దీపం మసే, ఒంట్లోకి దిగి ఏళ్ళు గడిచాక నలుపే అలా నీలంగా, పచ్చగా కనిపిస్తుంది. నువ్వూ నలుపే వేయించుకో. ఎప్పుడైనా తీయించుకోవాలనిపించినా లేజరుకి నలుపు తేలిగ్గా లొంగుతుంది, ఆకుపచ్చ, నీలం మొండికేస్తాయి. ఎరుపు అసలు వద్దు, దురదలూ ఎలర్జీలూ ఎక్కువ వచ్చేది దానితోనే. లేజరు ఉంది కదా అని ధీమాగా ఉండకు. వారాల తేడాతో చాలాసార్లు తిరగాలి, మన చామనఛాయ ఒంటి మీద ఆ చోటు తెల్లగా మిగిలిపోవచ్చు.

కింద నాయనమ్మ పేరు 'అన్నపూర్ణ' అని చిన్న అక్షరాలతో రాయిస్తానన్నావు. అది నాకు నచ్చలేదు. తెలుగు అక్షరాల్లో గుండ్రాలూ ఒత్తులూ ఎక్కువ, గోరంత సైజులో వేస్తే కొన్నేళ్ళకి లోపలి ఖాళీలు పూడిపోతాయి. పైగా వేసే కుర్రాడికి తెలుగు చదవడం రాకపోవచ్చు, కంప్యూటర్లో కొన్ని ఫాంట్లు ఒత్తుని విడగొట్టి పక్కన పడేస్తాయి. రాయించి తీరాలనుకుంటే పెద్దగా రాయించు, కాగితం మీద నీ చేత్తో నువ్వే రాసివ్వు, చేతి మీద స్టెన్సిల్ అంటించాక ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాకే సూది పెట్టనివ్వు. నన్నడిగితే పేరు అక్కర్లేదు. ఆ తేలు ఎవరిదో ఇంట్లోవాళ్ళకి తెలుసు.

ముంజేయి మంచి చోటే, ఈ వయసులో మరీ సాగని చర్మం. మణికట్టు ముడతల మీదికి రానివ్వకు. దగ్గరలో పుట్టుమచ్చ ఉంటే దాన్ని కప్పించకు. మచ్చ మారితే కంటికి కనపడాలి.

షాపు విషయంలో మొహమాటం పనికిరాదు. జాతరలో బ్యాటరీ మిషన్ పెట్టుకుని వరసగా అందరికీ ఒకే సూదితో వేసేవాళ్ళ దగ్గరికి నువ్వు వెళ్ళవని తెలుసు. కానీ ఏసీ ఉన్నంత మాత్రాన శుభ్రం అనుకోకు. సూది ప్యాకెట్టు సీలు నీ ఎదురుగా చింపాలి, దాని మీద తేదీ చూడాలి. సిరా నీ కోసం చిన్న మూతలో విడిగా పోయాలి, మిగిలింది పారబోయాలి. గ్లవ్స్‌తోనే ఫోన్ ఎత్తితే మార్చుకోమను. మొహం మాడ్చుకుంటే లేచి వచ్చెయ్. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఒకరికి వాడిన సూదితో ఇంకొకరికి అంటుకోవచ్చు. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే ముందు అది మొదలుపెట్టు. మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది. నీ ఆలోచన నిలుస్తుందో లేదో కూడా ఈలోపు తేలుతుంది.

ఇంకో మాట. ఇదేం ట్రైబల్ డిజైనా అని బ్యాంకులో ఎవరైనా అడిగితే, ఎరుకల వాళ్ళ పచ్చబొట్టు అని చెప్పు. నాయనమ్మకి వేసింది గడప గడపకీ తిరిగే ఎరుకలామె. నాలుగు సూదులు కలిపి కట్టి, మసిలో ఆకు పసరు నూరి పొడిచింది. పొడిచినందుకు బియ్యం, పాత చీర తీసుకుందట. ఆ జనాన్ని ఇంగ్లీషువాళ్ళు నేరస్థ జాతుల చట్టంలో చేర్చారు, ఆ చట్టం 1952లో గానీ పోలేదు. ఇప్పుడు అదే పనికి చదరపు అంగుళానికి ఇంతని బిల్లు వేస్తున్నారు, వాళ్ళ పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. నాకు ఒళ్ళు మండే విషయం ఇది, అందుకే రాశాను.

టీకాకి పట్టే ఈ ఆరు నెలల్లో ఒకసారి ఆ డిజైన్‌ని స్టిక్కరు ప్రింటు తీయించి చేతికి అంటించుకుని బ్యాంకుకి వెళ్ళి చూడు. బ్లాక్ హెన్నా పేరుతో అమ్మేదాని జోలికి వెళ్ళకు. దాన్లో జుట్టు రంగులో కలిపే పీపీడీ అనే రసాయనం ఉంటుంది, నీకు రంగు వేసుకున్నప్పుడల్లా చెవుల వెనక దురద వస్తోంది, చేతికి పెడితే బొబ్బలెక్కుతుంది.

వేయించుకునే రోజు చూసుకునేటప్పుడు ఎండాకాలం వద్దు, చెమటకి మానదు. కార్తీక స్నానాలు అయిపోయాక మార్గశిరంలో పెట్టుకో. రెండు మూడు వారాలు చేతిని నీళ్ళలో నానబెట్టకూడదు, కాబట్టి ఏరూ, సముద్రం, అంట్ల తొట్టీ అన్నీ బంద్. మామూలు సబ్బుతో మెల్లగా కడిగి, ఒత్తి తుడిచి, వాళ్ళు చెప్పిన ఆయింట్‌మెంటు పలచగా రాయి. నాయనమ్మకి పసుపు పెట్టారు కదా అని నువ్వు వంటింటి పసుపు అద్దకు. పక్కు గోకకు. ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా షాపువాడికి ఫోన్ చేస్తూ కూర్చోక డాక్టరు దగ్గరికి పో.

హెచ్‌బీఏ1సీ రిపోర్టు, ఆ కుట్టు ఫోటో రెండూ నాకు వాట్సాప్ చెయ్యి. షాపుకి వెళ్ళే రోజు ముందే చెబితే నేనూ బయల్దేరి వస్తాను, సీలు చింపేది నేను చూస్తాను.

మీ అత్తయ్య