తమ్మీ, అంకె పక్కన ఏముందో రాయి

హన్మకొండ

తమ్మీ,

నీ వ్యాసం చదివాను. క్యాన్సర్ వైద్యంలో వినబడే మాటలన్నీ అకారాది క్రమంలో పేర్చి, ఒక్కోదానికి రెండు వరుసల అర్థం రాశావు. తప్పులు పెద్దగా లేవు. అయినా దాన్ని అట్లనే అచ్చుకు పంపొద్దంటాను.

నీ పాఠకుడు ఎవరో ముందు అనుకో. పరకాల నుంచో ములుగు నుంచో అమ్మను వెంటబెట్టుకొని వచ్చిన కొడుకు. హన్మకొండలో పరీక్ష చేయించాడు, రిపోర్టు సాయంత్రం చేతికొచ్చింది, డాక్టర్ దొరికేది ఎల్లుండి. ఈలోపు ఆ కాగితం ఇంటిల్లిపాది చేతులూ మారుతుంది. ఇంగ్లిషు పెద్దగా రాకపోయినా అంకెలు అందరూ చదువుతారు. భయం అక్కడే పుడుతుంది. అందుకే వ్యాసాన్ని అంకెల చుట్టూ మళ్లీ కట్టు.

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టు చివర ‘బైరాడ్స్ 4’ అని ఉందనుకో. నాలుగో స్టేజి అనుకుంటారు. ‘ఇగ లాభం లేదు బిడ్డా’ అని చుట్టాలు మొదలుపెడతారు. బైరాడ్స్‌కూ స్టేజికీ సంబంధం లేదు. ఫిలిం చూసిన డాక్టర్‌కు ఎంత అనుమానం ఉందో చెప్పే వరుస అది, 0 నుంచి 6 దాకా ఉంటుంది. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపాలని. ఆ ఒక్క నాలుగులోనే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 దాటిన దగ్గర్నుంచి 95 దాకా ఉండొచ్చు, అందుకే దాన్ని 4ఎ, 4బి, 4సి అని విడదీస్తారు. 0 అని వస్తే ఏమీ లేదని కాదు, ఇంకో ఫిలిమో స్కానో కావాలని. ఇంత కథ ఉన్నదాన్ని నువ్వు ‘రొమ్ము పరీక్ష ఫలితాల వర్గీకరణ’ అని ఒక్క వరుసలో దాటేశావు.

బయాప్సీ తర్వాత వచ్చే ఐహెచ్‌సీ (ఆ ముక్కకు రంగు వేసి కణాల్లో ఏ ప్రొటీన్లున్నాయో చూసే పరీక్ష) రిపోర్టుది మరో తిరకాసు. ‘హెర్2 3+’ అంటే మూడో స్టేజి కాదు, కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ బాగా ఎక్కువగా ఉందని. అట్లా ఉంటే దాన్నే గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు పనికొస్తాయి. 2+ అయితే తేలలేదని, ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయిస్తారు. 0, 1+ నెగెటివ్ కింద లెక్క. పాజిటివ్ అనే మాట కూడా అంతే, పక్కన ఏముందో చూడాలి. ‘ఈఆర్ పాజిటివ్’ అంటే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్లు కణాల్లో ఉన్నట్టు, అంటే హార్మోన్ మందుల దారి ఉన్నట్టు. ఆపరేషన్ రిపోర్టులో ‘మార్జిన్ పాజిటివ్’ అంటే కోసి తీసిన ముక్క అంచు దాకా క్యాన్సర్ కణాలున్నట్టు, మళ్లీ ఆపరేషనో కరెంటు పెట్టడమో అవసరం పడొచ్చు. (రేడియేషన్‌ను మన దగ్గర ‘కరెంటు పెట్టడం’ అంటారు కదా, నీ వ్యాసంలో ఆ మాట ఎక్కడా లేదు. పెట్టు. అది కరెంటు షాకు కాదు, ఎక్కువగా ఎక్స్‌రే కిరణాలే మరింత శక్తితో వాడతారని కూడా చెప్పు.)

స్టేజి, గ్రేడు నువ్వు కలిపేశావు. పత్తి చేనులో కలుపు ఎన్ని సాళ్లకు పాకిందో స్టేజి, ఆ కలుపు ఎంత మొండి రకమో గ్రేడు. మూడో గ్రేడు గడ్డ ఒకటో స్టేజిలో దొరకొచ్చు. ప్రోస్టేట్ (మగవాళ్ల మూత్రాశయం కింద ఉండే గ్రంథి) రిపోర్టులో గ్లీసన్ (కణాల తీరు చూసి వేసే గ్రేడు స్కోరు) 6 చూసి పదికి ఆరు అని గుండెలు బాదుకుంటారు, నిజానికి ఈ రోజుల్లో బయాప్సీలో క్యాన్సర్ అని రాసే స్కోర్లలో అదే అన్నిటికన్నా తక్కువది.

‘ఐదేళ్ల సర్వైవల్’ దగ్గర జాగ్రత్త. ఐదేళ్లే బతుకుతారని చదువుకుంటారు. ఆ జబ్బు ఉన్న వంద మందిలో ఐదేళ్ల తర్వాత ఎంతమంది బతికున్నారన్న లెక్క అని విడమర్చు. ‘మీ అమ్మ సంగతి ఆ లెక్క చెప్పదు’ అని ఆ కొడుకుకు కూడా రాయి.

పాలియేటివ్ అంటే ‘చివరి దశ సేవలు’ అని రాశావు. తీసెయ్. నొప్పి, వాంతులు, ఆయాసం, నిద్ర లేకపోవడం చూసుకునే వైద్యం అది, కీమో నడుస్తుండగా కూడా చేస్తారు. హైదరాబాద్ ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దానికి వేరే విభాగమే ఉంది. నీ వాక్యం చదివిన ఇల్లు నొప్పి మందు అడగడానికి కూడా జంకుతుంది.

కీమో సైకిల్ (మందు ఎక్కించే ఒక విడత), నాడిర్ (రక్తకణాలు అన్నిటికన్నా కిందికి పడే సమయం), న్యూట్రోఫిల్ కౌంట్ (ఒక రకం తెల్ల కణాల లెక్క) అని మూడు చోట్ల మూడు అర్థాలు ఇచ్చావు. అవి ఒక్క చోట చేరాలి. మందు ఎక్కించిన తర్వాత తెల్ల కణాలు పడిపోయే రోజులు కొన్ని ఉంటాయి, ఆ రోజుల్లో జ్వరం 100.4 తాకితే గోళీ వేసుకొని తెల్లారేదాకా చూడొద్దు, రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయినా, ఇంకెక్కడికి పోయినా, ముందు ‘కీమో నడుస్తుంది, ఫలానా రోజు ఎక్కించారు’ అని చెప్పమను. వ్యాసంలో ఏదైనా పెద్దక్షరాల్లో వేయాల్సి వస్తే ఇదే వెయ్.

మందుల మోతాదులు రాసిన పేరా మొత్తం కొట్టెయ్, అది డాక్టర్ పని. మిగతాది కట్టినాక ఒక ఆంకాలజిస్టుకు చూపించి, ఆయన దిద్దిన కాపీ నాకు పంపు. దసరా లోపు వస్తే చదివి పెడతాను.

నీ అన్న