మాట్లాడ్డం వచ్చిన పిల్లోడికి రాయడం ఎందుకు రాదు? కువైట్‌కు ఉత్తరాలు రాసిన నా అనుభవం

అక్కా, మీ ప్రశ్న నిన్న చదివినా, అప్పట్నుంచి అదే తిరుగుతాంది తలలో. బాబు ఏడో తరగతి, కడపలో ఇంగ్లీషు మీడియం, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు, కానీ మా ఊరి తిరనాళ్ల గురించి పది లైన్లు రాయరా అంటే పెన్ను పట్టుకోని అట్లే కూర్చుంటాడు, ఇది సోమరితనమా అని అడిగినారు. సోమరితనం కాదక్కా. మాట వేరు, రాత వేరు. మాటొస్తే రాత దాని వెనకాలే వచ్చేస్తాదని పెద్దోళ్లం అనుకుంటాం, పిల్లోళ్లకు అన్యాయం జరిగేది అక్కడే.

మాట ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచి చెవిన పడతా ఉంటే నాలుగేండ్లు వచ్చేసరికి మనకే ఎదురు చెప్తారు. రాత అట్లా కాదు, ఎవరో ఒకరు పలక ఇచ్చి చెయ్యి పట్టి దిద్దించాల్సిందే. లోకంలో రాత పుట్టి ఐదు వేల ఏండ్ల పైచిలుకు, మాట దానికంటే ఎంతో పాతది. మన తెలుగే చూడండి, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల గుళ్లో రేనాటి చోళరాజు ధనంజయుడి శాసనం ఉంది కదా, క్రీ.శ. 575 నాటిదని చెప్తారు, పూర్తి తెలుగులో ఇప్పటిదాకా దొరికిన శాసనాల్లో మొదటిదిగా దాన్నే లెక్కేస్తారు. అంతకుముందు తెలుగు లేదనా? పొలాల్లో, సంతల్లో, తగాదాల్లో ఎన్నో తరాలు మాట్లాడుకున్నాకనే అది రాయి ఎక్కింది.

నాకు ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. మాది రాజంపేట పక్క పల్లె, మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, మన జిల్లావాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. 1994 ప్రాంతంలో నేను ఆరో తరగతి, చేతిరాత గుండ్రంగా ఉంటాదని వీధిలో ఆడోళ్లంతా నాతోనే ఉత్తరాలు రాయించేవాళ్లు. పక్కింటి అత్త గడపలో కూర్చుని "రాయి అబ్బయా" అనేది. బళ్లో నేర్పిన "ఉభయకుశలోపరి" రాసేసినాక ఇంక ఆమె చెప్పిందే రాత. ఒకసారి "టెంకాయ చెట్టు ఇంత అయింది అని రాయి" అని చెయ్యి పైకెత్తి చూపించింది. ఆ చెయ్యిని కాగితం మీద ఎట్లా పెట్టేది? ఎంత అత్తా అంటే మళ్లీ చెయ్యే, "ఇంత రా" అని. చెట్టు దగ్గరికి పోయి నిలబడి చూస్తే నా భుజం దాకా ఉంది, అదే రాసినా, కానీ అత్త మొగుడు, మామ, కువైట్ పోయి రెండేండ్లయింది, నేనెంత పెరిగినానో ఆయనకేం తెలుసు? అది కొట్టేసి "మన దొడ్డి గోడకు జానెడు తక్కువ" అని రాసినాం. ఆ ఒక్క లైనుకు అరగంట పట్టింది మాకు. ఎదురుగా ఉండే మనిషికి చెయ్యి చూపిస్తే అయిపోయేదాన్ని, లేని మనిషికి చెప్పాలంటే ఆ మనిషికి ముందే తెలిసిన గోడ ఒకటి వెతుక్కోవాల.

ఇంకోటి చెప్తా, ఇది ఇప్పటికీ తలుచుకుంటే బాధే. మామకు సెలవు దొరికే టైము వచ్చింది. అత్త మొగం పక్కకు తిప్పుకోని "రాకపోయినా పర్లేదులే, మేం ఎట్లనో బతుకుతాంలే అని రాయి" అనింది. నేను అచ్చం అట్లే రాసినా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. నెల దాటినాక జవాబు వచ్చింది, చదివి వినిపించిందీ నేనే. నువ్వు పర్లేదన్నావు కాబట్టి ఇంకో యేడు ఉండి నాలుగు డబ్బులు ఎక్కువ తెచ్చుకుంటా అని రాసినాడు మామ. అత్త ఏమీ అనలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని లోపలికి పోయింది. ఆ రాత్రి నేను బువ్వ తినలేదు. ఆమె పర్లేదులే అన్నప్పుడు వచ్చెయ్ అని అడుగుతాంది, ఆ తిప్పుకున్న మొగంలో ఉంది అది, ఆ గొంతులో ఉంది, నేను రాసిన కాగితంలో లేదు. అప్పట్నుంచి ఎవరికి ఉత్తరం రాసినా ముందు అడిగేవాణ్ణి, నువ్వు మనసులో అనుకునేది ఏంది, అది చెప్పు, అది రాస్తా అని. కొందరు చెప్పలేక ఏడ్చేవాళ్లు.

మా ఊరికి దగ్గరే తాళ్లపాక. అన్నమయ్య పాటలు వేలకు వేలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో దాచినారు, ఒక్కో పాటకు రాగం పేరు కూడా చెక్కినారు, కానీ ఆయన ఏ వరసలో పాడినాడో ఆ రేకుల్లో లేదు. ఇప్పుడు మనం వినే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దం వాళ్లు కట్టినవి. ఐదొందల ఏండ్లు మాటను కాపాడింది రాత, గొంతును మాత్రం కాపాడలేకపోయింది. ఆ రేకుల సంగతి తెలిసినప్పుడు నాకు అత్తే గుర్తొచ్చింది.

ఇంక మీ బాబు పెన్ను ఎందుకు ఆగిపోతాందో, నాకు తోచింది చెప్తా. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వ్యాసంలో "మా నాయన రేపు ఊర్నుంచి వచ్చాడు" అని రాసినా. మన వైపు వస్తాడు అనేదాన్ని వచ్చాడు అనే కదా అంటాం, జరిగిపోయినదానికైతే వచ్చినాడు అంటాం. పుస్తకం భాషలో వచ్చాడు అంటే వచ్చేసినాడని. సారు ఎర్ర ఇంకుతో గీత కొట్టి రేపు ఎట్లా వచ్చాడురా అని పైకి చదివినాడు, క్లాసంతా నవ్వింది. అంతే, ఆ తర్వాత రెండేండ్లు నేను వ్యాసాల్లో నాకు గ్యారంటీగా తెలిసిన పొట్టి పొట్టి వాక్యాలే రాసినా, ఆవు సాధు జంతువు లాంటివి. చెప్పడానికి లేక కాదు, నోట్లో ఉండే మాటను కాగితం ఒప్పుకోదేమో అని భయం. ఇంట్లో చేచ్చాండా, పోతాండా, ఉండాది అని మాట్లాడే పిల్లోడు బళ్లో చేస్తున్నాను, వెళ్తున్నాను, ఉంది అని రాయాలంటే ప్రతి వాక్యాన్నీ లోపల ఒకసారి మార్చుకోవాల. అక్షరాలతో ఇంకో తిప్పలు, ఖ ఘ ఛ ఝ మన నోళ్లలో సరిగ్గా పలకవు, నీళ్లను నీల్లు అంటాం, అట్లే రాస్తాడు. వాడు విన్నదే వాడు రాస్తాండాడు, చెవి బాగా పనిచేస్తాందని అర్థం. గిడుగు రామమూర్తి గారు గ్రాంథికం వదిలి జనం మాట్లాడే భాషలో రాయాలని జీవితమంతా కొట్లాడినారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, ఆ మేలు చిన్నది కాదు, కానీ ఆ తర్వాత పుస్తకాల్లోకి, పేపర్లలోకి వచ్చిన వాడుక భాష ఎక్కువగా కృష్ణా, గోదావరి వైపుది. మన పిల్లోళ్లకు అది కూడా సగం నేర్చుకోవాల్సిన భాషే. నేర్చుకోవాల, వద్దనడంలేదు, కానీ నేర్చుకోవాల్సిందని ముందు మనం ఒప్పుకోవాల కదా.

మా అత్త సంగతి ఇంకొంచెం ఉంది. ఆ యేడే మా ఊళ్లో పెద్దోళ్లకు రాత్రి బడి పెట్టినారు, లాంతరు పట్టుకోని పోయేది, ఆర్నెల్లకు కూడబలుక్కుని చదివేకాడికి వచ్చింది. ఒకరోజు కాగితం తెచ్చి చూపించింది, నాకు చెప్పకుండా తనే రాసుకుంది. "బావా బాగుండావా పిల్లోల్లు బాగుండారు బర్రె ఈనింది పెయ్య దూడ నువు ఎపుడు వచ్చావు." చుక్కల్లేవు, కామాల్లేవు, ఒత్తులు సగం లేవు. ఆ వచ్చావు చూసి మా సారైతే ఎర్రగీత కొట్టేవాడేమో, మామకు మాత్రం ఒక్క ముక్క కూడా తప్పుగా అర్థం కాలేదు. అంతకుముందు నేను అంత అందంగా రాసిన ఉత్తరాలు ఆయన ఎన్ని దాచుకున్నాడో నాకు తెలీదు, ఈ కాగితం మాత్రం సెలవుకొచ్చినప్పుడు చొక్కా జేబులోంచి తీసి అందరికీ చూపించినాడు.

అందుకే మీకు చెప్పేది, బాబుతో ముందు తిరనాళ్ల గురించి మాట్లాడించండి, ఫోన్లో రికార్డు పెట్టండి. జాయింటు వీల్ ఎక్కింది, బొరుగులు కొనుక్కుంది, తప్పిపోతే ఎవరు పట్టుకోనొచ్చినారో అన్నీ చెప్పనీండి. తర్వాత ఆ రికార్డు వాడే వింటా ఆపుకుంటా రాసుకోవాల, వాడి మాటలోనే, వచ్చాండా అంటే వచ్చాండా అనే. తప్పులు దిద్దొద్దు ఆ రోజు. మర్నాడు ఆ తిరనాళ్లకు రానోళ్లు ఎవరైనా ఉంటే, బెంగళూరులో ఉండే చిన్నాయనో ఎవరో, వాళ్లకు అర్థమయ్యేటట్టు మళ్లీ రాయమనండి. అప్పుడు వాడే అడుగుతాడు, ఆ వీల్ ఎంత ఎత్తుందో ఎట్లా చెప్పాల అని. వెంటనే జవాబు చెప్పొద్దక్కా, చిన్నాయన చూసినది ఏముందో వాణ్ణే వెతకనీండి. పుస్తకం భాషలోకి మార్చడం మూడోసారికి పెట్టుకోండి, అప్పుడు మీరు పక్కన కూర్చుని వస్తున్నాను ఎట్లా, నీళ్లు ఎట్లా అని చూపించొచ్చు, ఏడిపించకుండా.

రోజూ ఒక పేజీ, కథైనా పేపరైనా, పైకి చదివించండి, కంటికి అలవాటైతే ఒత్తులు వాటంతటవే చాలావరకు కుదురుకుంటాయి. మా పాపకు ఇదే చేసినా, కుదరడానికి దగ్గర దగ్గర సంవత్సరం పట్టింది, ముందు రెండు నెల్లు ఏమీ తేడా కనపళ్లేదు. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేస్తాంటే తిట్టొద్దు, తెలుగు కీబోర్డు పెట్టివ్వండి చాలు. ఇంకా ఏమైనా అడగాలనుంటే కింద రాయండి అక్కా, చూస్తా ఉంటా.