అన్నీ ఉన్నాయి, సరదా ఒక్కటే లేదు

ప్రశ్న: నా వయసు 53. విజయవాడలో ఉంటాం. మావారికి ఇంకో రెండేళ్ల సర్వీసు ఉంది. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అప్పుల్లేవు, పెద్ద జబ్బుల్లేవు. అయినా ఏడాదిగా నాకు దేనిమీదా సరదా పుట్టట్లేదు. పండగ వస్తోందంటే పని పెరుగుతుందనే దిగులు తప్ప సంబరం లేదు. మావారితో చెబితే "అన్నీ అమరాయి, ఇంకేం కావాలి నీకు?" అంటారు. మా ఆడపడుచు "లేనివాళ్లని చూసి నేర్చుకో వదినా" అంటుంది. అమ్మాయి ఒక డైరీ కొనిచ్చి, కృతజ్ఞతగా అనిపించిన మూడు విషయాలు రోజూ రాత్రి రాయమంది. మొదట్లో బాగానే రాశాను. తర్వాత పిల్లలు, ఇల్లు, ఆరోగ్యం అని రోజూ అవే మూడు. రాశాక, ఇన్ని ఉండి కూడా ఏడుస్తున్నానేంటని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో ముగ్గులంటే నా పేరే చెప్పేవాళ్లు. ఇప్పుడు గుమ్మం ముందు స్టిక్కర్ ముగ్గు అతికించి ఉంది. నాలో ఏమైనా లోపం ఉందా?
– ఒక గృహిణి

జవాబు: లోపం మీలో లేదమ్మా. ముందుగా ఆ డైరీని కొన్నాళ్లు అలమరలో పెట్టేయండి. అమ్మాయి నొచ్చుకుంటుందేమోనని బెంగపడకండి, తనకేం చెప్పాలో కూడా రాస్తాను.

"అన్నీ ఉన్నాయి కదా" అనేది వినడానికి ఓదార్పులాగే ఉంటుంది. కానీ అది నోరు మూయించే మాట. ఆ మాట విన్నాక మీకు దిగులు తగ్గలేదు, పైగా దిగులు పడుతున్నందుకు తప్పు చేస్తున్నానన్న భావం ఒకటి తోడైంది. మీ ఆడపడుచుగారు మీ మంచి కోరే అని ఉంటారు. కానీ పక్కింట్లో పస్తులున్నారని తెలిసినంత మాత్రాన మన కంచంలో కూరకి రుచి రాదు. జాలి కలుగుతుంది, లేదా భయం వేస్తుంది. సంతోషం మాత్రం ఆ దారిన రాదు.

ఇక డైరీ సంగతి. అమ్మాయి చెప్పింది వట్టి మాటేం కాదు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనం దీనికి మూలం. అందులో ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులు పది వారాలపాటు తమకు కృతజ్ఞతగా అనిపించినవి రాశారు, ఇంకొందరు చిరాకు పెట్టినవి రాశారు. మొదటివాళ్లే తమ జీవితం మెరుగ్గా ఉందని చెప్పారు. అయితే వాళ్లు రాసింది వారానికి ఒక్కసారి. తర్వాత సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం వారానికి ఒకసారి రాసేవాళ్లనీ, మూడుసార్లు రాసేవాళ్లనీ ఆరు వారాలు పోల్చి చూస్తే, ఒకసారి రాసినవాళ్లలోనే మార్పు కనిపించింది. రోజూ రాస్తే అది మొక్కుబడి అయిపోవచ్చు. మీకు జరిగింది అదే. పైగా మీరు రాసిన మూడూ చాలా పెద్దవి. ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం ఎప్పుడూ ఉండేవే కాబట్టి మనసు వాటిని గుర్తించడం మానేస్తుంది. అది మనసు తీరు, మీ కృతఘ్నత కాదు.

మిగతా విషయాల్లోకి వెళ్లేముందు ఒక పని చేయండి. ఈ వయసులో నెలసరి ఆగే మార్పులు, థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, వీటిలో ఏదున్నా మనిషి ఇలాగే నీరసించి నిరాసక్తంగా అయిపోవచ్చు. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏడాదిగా ఇలా ఉందని చెప్పి పరీక్షలు చేయించుకోండి. దాంతోపాటు మిమ్మల్ని మీరు ఒకటి అడిగి చూసుకోండి: రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఇలాగే ఉంటోందా, నిద్ర, ఆకలి కూడా మారాయా, బతుకు మీదే విసుగు పుడుతోందా? అవునంటే డైరీలూ ముగ్గులూ తర్వాత, ముందు సైకియాట్రిస్టును కలవండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. డిప్రెషన్‌కి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సా ఉంది. దాన్ని పట్టుదలతో నెట్టుకురావాలనుకోవద్దు.

అలాంటిదేం లేదని తేలితే, మీ ఉత్తరంలో మీరే రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. ముగ్గులంటే మీ పేరు చెప్పేవాళ్లన్నారు. అంత పొడుగు ఉత్తరంలో మీరు మీ గురించి చెప్పుకున్న మంచి మాట అదొక్కటే.

మనలో చాలామంది "మనసు బాగుంటే చేస్తాను" అనుకుంటారు. సాధారణంగా జరిగేది దానికి తలకిందులుగా ఉంటుంది, చేతులు కదిలాక మనసు వస్తుంది. పీటర్ లెవిన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో డిప్రెషన్ మీద చేసిన పని అంతా దీని చుట్టూనే. నచ్చిన పనులు తగ్గిపోవడం వల్ల దిగులు, దిగులు వల్ల ఆ పనులు ఇంకా తగ్గడం, ఇదొక చక్రం. దాన్ని పని వైపు నుంచి తెంచడం తేలిక. న్యూజిలాండ్‌లో టామ్లిన్ కానర్ బృందం 658 మంది యువతతో 13 రోజులు డైరీలు రాయించింది. ఏదో ఒకటి కొత్తగా చేసిన రోజుకి మర్నాడు వాళ్లలో ఉత్సాహం పెరిగింది. ఉత్సాహంగా ఉన్నందువల్ల మర్నాడు ఎక్కువగా చేశారా అంటే, అలా కనిపించలేదు. వాళ్లు చేసినవేం ఘనకార్యాలు కావు, అల్లికలు, బొమ్మలు, కొత్త వంటల్లాంటివే. వాళ్లు కుర్రకారు, మీరు 53, ఆ తేడా ఉందనుకోండి. అయినా నా దగ్గరికొచ్చే మీ ఈడు ఆడవాళ్లలోనూ నేను చూసేది ఇదే.

కాబట్టి ముగ్గు పెట్టండి. గుమ్మం ముందు కాదు, మీకోసం. మోకాళ్ల నొప్పులుంటే బల్ల మీద పాత పలకో, నల్లటి ట్రేనో పెట్టుకుని కూర్చోండి. పిల్లల పలక అటక మీద ఎక్కడో ఉండే ఉంటుంది. బియ్యప్పిండి తీసుకోండి, సుద్దముక్క వద్దు. పిండితో గీత గీయడంలో ఉన్న శ్రద్ధ సుద్దముక్కలో రాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారే వేగం మీకింకా గుర్తుండే ఉంటుంది. చెయ్యి ఆగితే అక్కడ కుప్పపడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. ఫోన్ గురించి ఆలోచిస్తూ మెలిక తిప్పలేం, మధ్యలో ఒక్క చుక్క వదిలేస్తే ఆఖర్న దొరికిపోతాం. ధ్యానం చేయండని ఎవరైనా చెబితే కళ్లు మూసుకుని రేపటి టిఫిన్ గురించి ఆలోచించే మనకి, ఇది చాలా నమ్మకమైన పద్ధతి.

చిన్నగా మొదలెట్టండి. 5 చుక్కలు, 3 వచ్చేదాకా మధ్య చుక్క. పంతొమ్మిదే చుక్కలు. వాటిమీద ఏం వస్తుందో చూడండి. అలవాటైన పువ్వు వద్దు, ఒక మెలికని మీకు తోచినట్టు మళ్లించండి. కలవకపోతే చెరిపి మళ్లీ వేయండి, పలకే కదా. వారం తర్వాత 7 చుక్కలు, 4 వచ్చేదాకా. చిన్నప్పుడు 15 చుక్కలవి వేసేదాన్ని కదా అని ఆ లెక్కకి వెళ్లకండి. అప్పుడు తెల్లవారుజామున కళ్లాపి చల్లిన వాకిలి ఉంది, పక్కన అక్కచెల్లెళ్లున్నారు, ఎవరిది బాగుందన్న పోటీ ఉంది. ఇప్పుడు మీరొక్కరే. అందులో వచ్చే సంతోషం వేరే రకం, కాస్త నెమ్మదిగా వస్తుంది.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. ఎప్పుడన్నది ముందే ఖాయం చేసుకోండి. వారు ఆఫీసుకు వెళ్లాక కాఫీ తాగే వేళ బాగుంటుందని నాకనిపిస్తోంది. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం నెల రోజులు మానండి. పెట్టిన మరుక్షణం ఎవరు చూశారు, ఎవరు చూడలేదన్న టెన్షన్ మొదలవుతుంది. అబ్బాయి చూసి కూడా ఏమీ అనలేదన్న బాధ దానికి అదనం. అయ్యాక చెరిపేయండి, పిండి బాల్కనీలో చీమలకి వేయండి.

ముగ్గు మీద అంత ఇష్టం లేదు, ఊరికే రాశానంటారా? అయితే క్రోషియా, పూలు కట్టడం, మానేసిన సంగీతం, ఏదైనా సరే. చేతికో గొంతుకో పని ఉండాలి, ఎవరి అవసరమూ తీర్చకూడదు. వంటని మాత్రం ఈ లెక్కలోకి రానివ్వను. ముప్ఫై ఏళ్లుగా మీరు ఉప్పు ఎవరికి తక్కువ, కారం ఎవరికి ఎక్కువ అని చూసుకుంటూ వండుతున్నారు. అది కళే, కాదనను. కానీ అందులో ఇష్టం మీది కాదు, తినేవాళ్లది.

నెల గడిచాక డైరీ బయటికి తీయండి. ఈసారి ఆదివారం ఒక్కసారే, ఒక్క విషయమే. "ఆరోగ్యం" లాంటి పెద్ద మాటలు వద్దు. ఆ వారంలో ఒక మనిషి మీకోసం చేసిన చిన్న పని, ఎలా చేశారో వివరంగా రాయండి. కూరగాయలబ్బి అడక్కుండా కరివేపాకు వేశాడు, అదీ లేతది ఏరి. పనమ్మాయి నీళ్లు వస్తాయో రావోనని ముందే బకెట్లు నింపి వెళ్లింది. వీలైతే ఆ మాట వాళ్లకే చెప్పండి, వాళ్ల మొహం చూడండి. మనసు బాగోలేని వారం ఏదీ రాయకండి, లేదా అబ్బాయి ఫోన్ చేయలేదని అదే పేజీలో రాయండి. రెండూ ఒకే మనిషివి.

అమ్మాయితో "నీ డైరీ మంచిదే, రోజూ అంటే నావల్ల కావట్లేదు, వారానికోసారి రాస్తున్నాను" అనండి. బెంగళూరులో కూర్చుని అమ్మ గురించి బెంగపడుతున్న పిల్లకి, అమ్మ నిజం చెప్పిందన్నదే పెద్ద ఊరట.

మీవారి సంగతి కొంచెం కష్టం. ఆయన మాటలో కోపం కంటే భయం ఉందని నా అనుమానం. ఆయన సంపాదించి అమర్చినవన్నీ చూపించి "ఇంకేం కావాలి" అంటున్నారంటే, మీ దిగులుని ఆయన తన మీద ఫిర్యాదుగా వింటున్నారు. ఒక సాయంత్రం ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు "మీరేం తక్కువ చేయలేదండి. నాకు సలహా వద్దు, పది నిమిషాలు వినండి చాలు" అని చెప్పి చూడండి. డాక్టర్ దగ్గరికి తోడు రమ్మనండి. ఏదో ఒకటి చేయాలనుకునే మగవాళ్లకి అలాంటి పని ఇస్తే తేలిగ్గా ఉంటుంది. ముగ్గు మాత్రం ఆయనకి చూపించి "బాగుందా?" అని అడగకండి. ఆయన "ఊఁ" అంటారు, ఆ "ఊఁ" మిమ్మల్ని రెండు రోజులు తినేస్తుంది. ఆయనే వచ్చి చూస్తే చూడనివ్వండి.

రేపు ధనుర్మాసం రాగానే మీ అపార్ట్‌మెంట్ సంఘంవాళ్లు సంక్రాంతి ముగ్గుల పోటీకి పేర్లు అడుగుతారు. మీ సంగతి తెలిసినవాళ్లు ఉంటే బలవంతం కూడా చేస్తారు. ఈ ఏడాదికి వద్దని చెప్పండి. చూడ్డానికి వెళ్లండి, రంగులు అందివ్వండి, ఎవరైనా చిన్నపిల్ల చుక్కల లెక్క తప్పి తికమకపడుతుంటే పక్కన కూర్చుని చెప్పండి. పోటీ సంగతి వచ్చే ఏడు చూద్దాం. పరీక్షల రిపోర్టులు వచ్చాక మాత్రం నాకు మళ్లీ రాయండి.